తిరిగిచ్చేస్తే

సాయంత్రం ఆరింటికి బెళ్ళందూరు మీద వాన పడితే
మొదట తడిసేది మేమే,
నాలుగో అంతస్తులో, అద్దాల వెనక.
ఊరు ఊరంతా ఒకేసారి ఫోను తీసి క్యాబు అడుగుతుంది.

నిమిషానికి రెండొందలుండే పిలుపులు
తొమ్మిది వేలయ్యాయి.
మా ప్రోగ్రాములో ఆరొందల థ్రెడ్లు,
డేటాబేసుకు పోయే కనెక్షన్లు నలభై.
నలభై చాలని లెక్కగట్టింది నేనే.
ఒక్కొక్కరు పది మిల్లీసెకన్లు వాడుకుని తిరిగిచ్చేస్తే
నలభై మహా ఎక్కువ.

తిరిగిచ్చేస్తే.

తెర మీద గీత పైకి పోయి అక్కడే నిలబడిపోయింది.
నలభైకి నలభై వాడకంలో ఉన్నాయట.
అంటే మిగిలిన ఐదొందల అరవై గుమ్మం దగ్గర
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ.
ముప్పై సెకన్లు చూసి ఒకటి కూలబడుతుంది,
కూలబడ్డదాన్ని లేపి మళ్ళీ వరసలో నిలబెడతాం, మూడేసి సార్లు.
ఒక్కణ్ణి ముగ్గుర్ని చేసింది మేమే,
జనం పెరిగిపోయారని గాబరా పడేదీ మేమే.

"పూల్‌ని నాలుగొందలు చేసెయ్" అన్నాడు గిరిధర్ శెణై.
చెయ్యనన్నాను.
జనవరిలో అలాగే చేసి డేటాబేసుని పడుకోబెట్టాం.
అయినా ఈసారి అటు తొంగిచూస్తే
అది ఖాళీగా ఉంది,
గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిలా,
పంక్తిలో ఒక్కరూ లేకుండా.

మరి నలభైనీ పట్టుకున్నదెవరు?

కింద గేటు దగ్గర బసలింగప్ప గొడుగుల పెట్టె ఉంటుంది.
పిడి మీద తెల్ల పెయింటుతో నంబర్లు.
గేటు నుంచి బస్టాపు దాకా వేసుకెళ్ళి
అక్కడి గార్డుకి ఇచ్చేస్తే మోపు కట్టి వెనక్కి తెస్తారు.
మార్చిలో ముప్పై ఉండేవి, ఇవాళ పొద్దున పదకొండు.
"తగొండు హోగ్తారె మేడం, కొడల్ల."
తీసుకుపోతారు, ఇవ్వరు.
దొంగలెవరూ లేరు.
ఒకరికి బస్సు కదిలిపోతోంది, ఒకరికి ఇంటినుంచి ఫోనొచ్చింది.

ఏడుంబావుకి థ్రెడ్ డంప్ తీశాను.
అది చదవడమంటే ఆరొందల మందినీ పేరుపేరునా
నువ్వెక్కడ ఆగావు అని అడగడం.
గుమ్మం దగ్గర. గుమ్మం దగ్గర. గుమ్మం దగ్గర.
ఐదొందల అరవై కాదు, ఆరొందలూ.
లోపలున్నానన్నది ఒక్కటీ లేదు.
నలభైనీ చేబదులు తీసుకున్నవాళ్ళు
ఎప్పుడో పని ముగించుకుని వెళ్ళిపోయారు.

క్యాబు అడిగి, నాలుగు సెకన్లు ఆగి, వద్దనుకుని
రద్దు నొక్కినవాళ్ళ దారి అది.
అక్కడొక ఎక్సెప్షన్ మధ్యలోనే గోడ దూకుతుంది,
తిరిగిచ్చే లైను దాని కింద,
ఎవరూ చేరని చోట, చక్కగా రాసిపెట్టి ఉంది.
మామూలు రోజున అలా నాలుగో ఐదో పోతాయి,
అర్ధరాత్రి రీస్టార్టు వాటిని ఊడ్చేస్తుంది,
పొద్దున్నే అందరం శుభ్రంగా ఉంటాం.
రాసిందెవరో చూశాను.
ఫిబ్రవరి పంతొమ్మిది. నా పేరు.
గిరిధర్ కూడా చూశాడు,
ఏమీ అనకుండా నీళ్ళ సీసా నావైపు జరిపాడు.

దిద్దడానికి పట్టింది మూడు లైన్లు.
ఏం జరిగినా సరే, వెళ్ళేముందు, ఇచ్చి వెళ్ళు.
ఇంకొకటి కూడా మార్చాను: ముప్పై సెకన్లు కాదు, రెండే.
లేదని తొందరగా చెప్పడం కూడా మర్యాదే.

తొమ్మిదింటికి గీత దిగింది. వానా వెలిసింది.
ఏ పుణ్యం దేనిదో
రేపటి వానదాకా తేలదు.

పదింటికి మళ్ళీ జల్లు. కిందకొస్తే పెట్టెలో ఒక్క గొడుగూ లేదు.
బసలింగప్ప సిగ్గుపడుతూ తలకి ప్లాస్టిక్ సంచి ఇచ్చాడు,
తప్పు తనదైనట్టు.

కసవనహళ్ళిలో నా గది, తలుపు వెనక,
చెప్పుల స్టాండు పక్కన,
జూన్ నుంచి ఆరిపోయి నిలబడి ఉంది
తెల్లటి పదిహేడు.
తీసి చూస్తే కింద
దుమ్ములో గుండ్రటి చుక్క.